చుక్క లేని సంతకం

మా నాన్న మూడుసార్లు ఎమ్మెల్యేగా చేశాడు. అన్నేళ్ళలో ఆయన ఎవరికైనా "కాదు" అని చెప్పగా నేను వినలేదు. ఇంటికొచ్చినవాడు ఎవడైనా సరే, చేతిలో ఒక సిఫారసు ఉత్తరంతోనే గేటు దాటేవాడు. ఆ ఉత్తరాల్లో చాలా వాటిలో చేతిరాత నాది. ఇప్పుడాయన ఇంగ్లండులో, లండన్ దగ్గరి స్లౌ అనే ఊళ్ళో, మా ఇంటి ముందుగదిలో, మీట నొక్కితే తల పైకి లేచే మంచం మీద ఉన్నాడు. పొద్దున్నే పక్కన కూర్చుని స్పూనుతో జావ పెట్టేది నేను. పోయినేడాది మా ఇంట్లో జరిగింది రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నా చెయ్యి సాగలేదు. ఎందుకంటే అందులో తప్పు చేసింది ఆయన కాదు, నేను. అయినా ఆయన సంగతి చెప్పకుండా నా సంగతి చెప్పడం కుదరదు.

నాన్న అసలు చిన్న ఊరి కోర్టులో ప్లీడరు. కేసులు తక్కువ, తీరిక ఎక్కువ. కొత్త పార్టీ పుట్టి రాష్ట్రమంతా గాలి వీచిన ఏడు ఆ పార్టీకి మనుషులు కావలసి వచ్చారు. చదువుకున్నవాడై ఉండాలి, అప్పటిదాకా ఏ పార్టీ మరకా అంటనివాడై ఉండాలి, మైకు ముందు నోరు తడబడకూడదు. నాన్నకు ఈ మూడూ ఉన్నాయి. వ్యాను మీద నిలబడి చవక బియ్యం ఇస్తాం, పక్కా ఇల్లు కట్టిస్తాం అని ఊరూరా చెప్పుకుంటూ వెళ్ళాడు. జనం నెత్తిన పెట్టుకున్నారు. చెప్పినవాటిలో కొన్ని నిజంగానే చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చవిటి నేలలో ఆయన కట్టించిన కాలనీకి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. బియ్యం బస్తాలు మొదటిసారి దిగిన రోజు రేషన్ షాపు ముందు ఆడవాళ్ళు ఆయనకు హారతి పట్టారని అమ్మ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ హారతి పట్టినవాళ్ళ సంఖ్య పెరిగేది.

మధ్యలో ఒకసారి ఓడాడు. మళ్ళీ గెలిచేనాటికి నాకు పదిహేనేళ్ళు. పొద్దున ఆరింటికల్లా మా వసారా నిండిపోయేది. బదిలీ కోసం ఒకడు, ఆస్పత్రిలో మంచం కోసం ఒకడు, కొడుక్కి హాస్టల్లో సీటు కోసం ఒకడు. నాన్న ప్రతివాణ్ణీ ఊరి పేరుతో పలకరించి, భుజం మీద చెయ్యేసి, "రాయించుకుపో" అనేవాడు. రాయాల్సింది ఆయన పి.ఏ. కానీ అతని రాత కోడి గెలికినట్టుండేది, ఆఫీసుల్లో చదవలేక తిప్పి పంపేవారు. దాంతో వేసవి సెలవుల్లో నన్ను కూర్చోబెట్టారు. "పై వ్యక్తి నాకు వ్యక్తిగతంగా తెలుసు. కడు పేదవాడు. ఇతని అర్జీని సానుభూతితో పరిశీలించి తగు చర్య తీసుకొనవలసిందిగా కోరుచున్నాను." రోజుకు ముప్పై, నలభై రాసేదాన్ని. మా అమ్మాయి అక్షరాలు ముత్యాలు అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. అప్పుడు కుడిచేతి మధ్యవేలికి కాసిన కాయ ఇంకా పూర్తిగా పోలేదు.

నేను రాసి ఇస్తే ఆయన సంతకం పెట్టి కింద ఒక గీత గీసేవాడు. కొన్నిటికి ఆ గీత చివర చిన్న చుక్క పెట్టేవాడు, ఎక్కువ వాటికి పెట్టేవాడు కాదు. మొదట్లో నేను గమనించలేదు. గమనించాక ఒకరోజు భోజనాల దగ్గర అడిగాను. నాన్న నవ్వి, అమ్మ వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి చెప్పాడు. చుక్క ఉంటే పని చేసిపెట్టమని. చుక్క లేకపోతే ఉత్తరం తీసుకుని ఫైల్లో పెట్టుకోమని. ఆ సంగతి జిల్లా ఆఫీసుల్లో అందరికీ తెలుసట.

"మరి చుక్క లేనివాళ్ళకి అసలు ఉత్తరం ఎందుకివ్వడం నాన్నా? కుదరదని చెప్పెయ్యొచ్చుగా?"

"కుదరదంటే ఏడుస్తాడే. ఉత్తరమిస్తే నవ్వుతా పోతాడు. పని కాకపోతే ఆఫీసోణ్ణి తిట్టుకుంటాడు గానీ నన్ను తిట్టడుగా."

"చుక్క ఎవరికి పెడతావు?"

"ఒక్కోసారి వాళ్ళ ఊళ్ళో మనకి పడ్డ ఓట్లు చూసి. ఒక్కోసారి పైనుంచి ఫోనొస్తే. ఒక్కోసారి జాలేసి." ఆ మూడోది చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించాడు. మా నాన్న ఎంత తెలివైనవాడో అనిపించింది నాకు ఆ రోజు. ఇప్పుడా మాట రాయడానికి సిగ్గేస్తోంది, కానీ అలాగే అనిపించింది.

ఆ తర్వాత ఎన్నికల్లో ఓడాడు. ఆ పై ఎన్నికలకు పార్టీ టికెట్టే ఇవ్వలేదు. ఆయన చేత రాయించుకుపోయిన కుర్రాడికే ఇచ్చింది. వసారాలో కుర్చీలు అలాగే ఉండేవి, కూర్చునేవాళ్ళు మాత్రం లేరు. నాన్న ఆరింటికే తయారై, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పేపరు చదువుతున్నట్టు గేటు వైపు చూస్తూ కూర్చునేవాడట. అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చేది. అమ్మ పోయాక నేను ఆయన్ని ఇక్కడికి తెచ్చేసుకున్నాను. అప్పట్లో వీసా రూల్స్ ఇంతగా బిగించలేదు.

పెట్టెలో పంచెలతోపాటు రెండు లెటర్‌హెడ్ పుస్తకాలు తెచ్చుకున్నాడు. శాసనసభ్యుడు అని అచ్చేసిన చోట పైన పెన్నుతో "మాజీ" అని రాసుకునేవాడు. వాటి మీద కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, ఉత్తరాలు రాసేవాడు. మా వీధి చివర బస్‌స్టాపుకి పైకప్పు లేదు, ముసలివాళ్ళు తడుస్తున్నారు. చెత్త బిన్నులు వారం మార్చి వారం కాకుండా వారం వారం తియ్యాలి. ఇంగ్లీషు పాతకాలపు కోర్టు ఇంగ్లీషు, చివర సంతకం, గీత, చుక్క. కౌన్సిల్ నుంచి మీ ఉత్తరం అందింది, పరిశీలిస్తాం అని జవాబు వచ్చేది. దాన్ని ఫైల్లో పెట్టుకుని, "వీళ్ళూ మనలాంటోళ్ళేనే" అని మురిసిపోయేవాడు. బస్‌స్టాపుకి ఇప్పటికీ పైకప్పు లేదు.

రెండేళ్ళ కిందట స్ట్రోక్ వచ్చింది. కుడిచెయ్యి పోయింది, ఇంగ్లీషు పోయింది. తెలుగు మిగిలింది గానీ ఒక్కో మాటకీ మధ్య చాలా సేపు పట్టేది. నేను రీడింగ్ అనే ఊళ్ళో ఆఫీసుకి వెళ్ళాలి, మా ఆయన లండన్ రైలెక్కాలి, పిల్లాడికి స్కూలు. కౌన్సిల్ వాళ్ళు ఒక ఏజెన్సీ ద్వారా ఇంటికొచ్చి రోగిని చూసుకునే కేరర్లను ఏర్పాటు చేశారు. వంతుల ప్రకారం ఎవరో ఒకరు వచ్చేవారు. మంచివాళ్ళే. "ఓపెన్ వైడ్, డార్లింగ్" అని నోటి దగ్గర స్పూను పెట్టేవారు. నాన్న పళ్ళు బిగించేవాడు. ఆయన్ని జీవితంలో ఎవరూ డార్లింగ్ అని పిలవలేదు, అమ్మతో సహా. నేను పెడితే నాలుగు స్పూన్లు, నేను లేకపోతే అదీ లేదు. మనిషి చొక్కాలో వేలాడిపోయాడు. బరువు ఇలాగే తగ్గితే పొట్టలోకి గొట్టం వెయ్యాల్సి వస్తుందని క్లినిక్‌లో డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు బస్సులో ఏడ్చాను, పక్కన కూర్చున్నావిడ టిష్యూ ఇచ్చింది.

ఆ తర్వాతి వారమే ఆ అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటినామె. కేర్ వీసా మీద వచ్చింది, తొమ్మిదేళ్ళ కూతుర్ని ఊళ్ళో తన తల్లి దగ్గర వదిలి. గుమ్మంలో బూట్లు విప్పుతూ హాల్లో గోడ మీది ఫోటో చూసింది. మెడ నిండా దండలతో వ్యాను మీద నాన్న.

"ఈయన మా ఎమ్మెల్యే సారు కదండీ?" అంది.

అవునన్నాను. ఆమె గబగబా గదిలోకి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుని, తన ఊరి పేరు చెప్పింది. నాన్న కళ్ళు తెరిచాడు. చాలా సేపు పెదాలు కదిలించి, "బళ్ళో... రెండో గది" అన్నాడు. ఆ ఊళ్ళో పోలింగ్ బూత్ అక్కడే ఉండేదట. అప్పటికి మనవడి పేరు మర్చిపోయిన మనిషి. ఆమె మెత్తటి అన్నంలో చారు పోసి పిసికి, "సారూ, మీరు తినందే నేను కదల్ను, నేను తర్వాతి ఇంటికి ఆలస్యమైతే మీదే పూచీ" అంది. ఆయన గిన్నె ఖాళీ చేశాడు.

ఏజెన్సీని బతిమాలుకుని పొద్దునా సాయంత్రం ఆమెనే వేయించుకున్నాను. రెండు నెలల్లో నాన్న బుగ్గలు పూడాయి. గొట్టం మాట డాక్టరమ్మ మళ్ళీ ఎత్తలేదు. ఆమె మొదట నన్ను మేడం అనేది, తర్వాత అక్కా అనడం మొదలుపెట్టింది. వస్తూనే, "సారూ, ఇవాళ అర్జీదారులు ఎంతమంది?" అని ఆటపట్టించేది. నాన్న ఎడంచెయ్యి ఎత్తి వేళ్ళు చూపించేవాడు. మా ఇంట్లో చాలాకాలం తర్వాత పొద్దున్నే మాటలు వినబడటం మొదలైంది.

ఒక ఆదివారం అన్నం పెట్టడం అయ్యాక ఆమె ఫోన్ తీసి, "అక్కా, సారుకి ఒకటి చూపించనా? మా అమ్మ చేత ఫోటో తీయించి తెప్పించా" అంది.

అదొక ఉత్తరం. ప్లాస్టిక్ కాగితంలో పెట్టి చుట్టూ అతికించి, దేవుడి పటాల పక్కన గోడకు తగిలించి ఉంది. మూడు సింహాల బొమ్మ, దాని కింద నాన్న పేరు. కింద నా అక్షరాలు, గుండ్రంగా, ముత్యాల్లాగే. ప్రభుత్వ హాస్టల్లో రోజుకూలీ మీద వంట చేస్తున్న పై వ్యక్తిని పర్మినెంట్ చేయవలసిందిగా కోరుచున్నాను.

"అప్పుడు నాకు నాలుగేళ్ళంటక్కా. మా నాన్న ఈ ఉత్తరం పట్టుకుని జిల్లా ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. పని కాలా. పోయేదాకా రోజుకూలీయే. అయినా సారుని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. సారు రాశాడమ్మా, ఆఫీసోళ్ళే పడనీలేదు అనేవాడు."

నేను ఫోటోలో కింది భాగం చూశాను. సంతకం ఉంది. గీత ఉంది. గీత చివర ఏమీ లేదు.

నాన్న ఎడంచేత్తో ఫోన్ దగ్గరకు లాక్కున్నాడు. ఆమె వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. ఆయన కూడా కిందికే చూశాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు, ఆ తర్వాత ఆమె వైపు.

"నే... చెప్పా. వాళ్ళు... చెయ్యలా."

"తెలుసు సారూ," అని ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా నాన్న అదే చెప్పేవాడు."

ఆమె వెళ్ళాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ఒంట్లో బాగాలేని మనిషి అని కూడా చూడలేదు. "ఇంకా ఎందుకు నాన్నా ఈ అబద్ధాలు? ఇక్కడ నీకు ఓట్లు వేసేవాళ్ళు ఎవరున్నారు?" అన్నాను. ఆయన చాలా సేపు తంటాలుపడి, "ఒకటే... పోస్టు. ఇంకోడికి... ఇచ్చా" అన్నాడు. అంటే గుర్తుంది. ముప్పై ఏళ్ళ కిందటి వంటమనిషి గుర్తున్నాడు. తర్వాత మళ్ళీ, "ఆ పిల్లకి... చెప్పబాక" అన్నాడు. రెండు రోజులు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, నేనేదో జన్మలో అబద్ధమాడి ఎరగనట్టు.

ఆమెకు చెప్పాలనే అనుకున్నాను. మర్నాడు సాయంత్రం ఆమె వచ్చి, చేతులు కడుక్కుని, అన్నం పిసుకుతుంటే పక్కనే నిలబడి మాట కూడగట్టుకున్నాను. చెబితే రేపు వస్తుందా అన్న ఆలోచన వచ్చింది. టీ తాగుతావా అని మాత్రం అడిగాను.

ఆ తర్వాత మూడు నెలలకు ఏజెన్సీకి లైసెన్స్ పోయింది. అంటే వీసాల మీద మనుషుల్ని పెట్టుకునే హక్కు పోయింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, అయినా చిక్కు ఆమెకే. వీసా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అరవై రోజుల్లో ఇంకో చోట వీసా నిలబెట్టే స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదంటే దేశం వదిలి వెళ్ళాలి. నాన్నకు కౌన్సిల్ వాళ్ళు కొత్త ఏజెన్సీ నుంచి వేరే కేరర్లను పంపారు. నాన్న మళ్ళీ పళ్ళు బిగించాడు. ఈ అమ్మాయి ఉద్యోగం లేకపోయినా వారానికి మూడు నాలుగుసార్లు బస్సెక్కి వచ్చి అన్నం పెట్టి వెళ్ళేది. వద్దన్నా వినేది కాదు. "పనిగా కాదక్కా, సారుని చూడ్డానికొచ్చా" అనేది. ఆమె వచ్చిన రోజు ఆయన తినేవాడు, రాని రోజు తినేవాడు కాదు. మా పిల్లాడు ఫ్రిజ్ మీద కాగితం అంటించి రోజూ తాతయ్య ఎన్ని స్పూన్లు తిన్నాడో రాసేవాడు. "మమ్, ఓన్లీ టూ టుడే" అని ఆఫీసుకి మెసేజ్ పెట్టేవాడు.

ఆమె ఎక్కడెక్కడో అప్లై చేసింది. రెండు చోట్ల కబురొచ్చింది. ఒకటి స్లౌలోనే ఇంకో ఏజెన్సీ, ఇంటర్వ్యూ చేసి చూస్తామన్నారు. రెండోది బెల్‌ఫాస్ట్‌లో ఒక నర్సింగ్ హోమ్. వాళ్ళకు ఆమె బాగా నచ్చింది. ఇంటర్వ్యూలోనే దాదాపు ఖాయమన్నారు. పాత మేనేజర్ దగ్గర నుంచి ఒక రెఫరెన్స్, ఆమె చూసుకున్న కుటుంబం నుంచి ఒకటి కావాలన్నారు.

"మీ పేరిచ్చానక్కా," అంది. "నాకిక్కడ మీరు తప్ప ఎవరున్నారు?"

ఫారం నా ఈమెయిల్‌కి వచ్చింది. రీడింగ్ నుంచి వచ్చే సాయంత్రం రైల్లో, కిటికీ పక్క సీటు దొరికితే, ల్యాప్‌టాప్ తెరిచాను. ఆమె పని గురించి రాయమన్నచోట నిండా రాశాను. ఓర్పు గురించి రాశాను, శుభ్రత గురించి రాశాను, మా ఇంటి మనిషిలా చూసుకుందని రాశాను. అన్నీ నిజాలే. తర్వాత సమయపాలన గురించి ఒక ప్రశ్న ఉంది. రెండుసార్లు ఆలస్యంగా వచ్చిందని రాశాను. అదీ నిజమే. ఆ రెండు రోజుల్లో ఒకరోజు మంచు పడి బస్సులు తిరగలేదని, ఆమె నలభై నిమిషాలు నడిచి వచ్చిందని మాత్రం రాయలేదు. చివరి ప్రశ్న, ఈమెను మరొకరికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తారా అని. అవును, కాదు అని రెండు గడులు. మౌస్ అవును మీద పెట్టి ఆపాను.

బెల్‌ఫాస్ట్ అంటే సముద్రం అవతల. వెళితే ఇక మా ఇంటికి రాదు. బెల్‌ఫాస్ట్ తప్పిపోతే స్లౌ ఏజెన్సీ ఎలాగూ తీసుకుంటుంది. అప్పుడు నేను బతిమాలి మళ్ళీ నాన్నకు వేయించుకోవచ్చు. ఆమెకు మాత్రం ఎక్కడైతే ఏం, ఉద్యోగం ఉద్యోగమే. ఇలా రైలు ట్వైఫర్డ్ స్టేషన్ దాటేలోపు నాకు నేను చక్కగా నచ్చజెప్పుకున్నాను. కాదు అని కొట్టడానికి చెయ్యి రాలేదు. రెండు గడులూ ఖాళీగా వదిలేసి పంపించాను.

ఇంటికి వచ్చేసరికి ఆమె నాన్న దగ్గరే ఉంది. "రాశానే. బ్రహ్మాండంగా రాశాను" అన్నాను. పొగిడిన పేరా వాట్సాప్‌లో ఆమెకు పంపాను. అక్కడే మంచం పక్కన నిలబడి తెలుగులో చదివి కూడా వినిపించాను. ఆమె రెండు చేతులూ జోడించింది. వసారాలో ఉత్తరం అందుకున్నవాళ్ళు నాన్నకు దణ్ణం పెట్టినట్టే పెట్టింది. నాన్న దిండు మీద నుంచి నన్ను చూస్తున్నాడు. నేను కోటు తగిలించే వంకతో హాల్లోకి వచ్చేశాను.

పది రోజుల తర్వాత బెల్‌ఫాస్ట్ వాళ్ళు ఆ ఖాళీకి వేరేవారిని తీసుకున్నామని రాశారు. కారణం చెప్పలేదు. నేను రాయని ఆ ఒక్క గడి వల్లేనా, ఆ రెండు ఆలస్యాల వల్లనా, ఇంకేదైనానా, నాకెప్పటికీ తెలియదు. ఇలా అనుకోవడం నాకు కొంచెం సుఖంగా ఉంటుంది, అందుకే ఎక్కువసార్లు అనుకుంటాను.

"మీరంత బాగా రాసినా కాలేదంటే నా రాత అక్కా," అంది ఆమె. గొంతులో నా మీద చిన్న అనుమానం కూడా లేదు. అప్పుడైనా బెల్‌ఫాస్ట్‌కి రాసి ఉండాల్సింది. ఫారంలో ఒకటి మర్చిపోయాను, ఆమెను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, ఇంకో ఖాళీ ఉంటే చూడండి అని ఈమెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టాను కూడా. కానీ గురువారం స్లౌ ఏజెన్సీలో ఆమెకు రెండో ఇంటర్వ్యూ ఉంది. అదేదో తేలాక చూద్దాంలే అనుకున్నాను. చూద్దాంలే అనేది మా నాన్న మాట.

స్లౌ ఏజెన్సీ వాళ్ళు ఇక మీదట వీసాల మీద ఎవరినీ తీసుకోవడం లేదన్నారు. అప్పటికి ఆమెకు తొమ్మిది రోజులు మిగిలాయి. నేను డ్రాఫ్ట్‌లోది పంపాను. జవాబు రాలేదు. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను, ఆఫీసులో అడిగాను, ఎవరెవరి కాళ్ళో పట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ తొమ్మిది రోజులూ నేను ఆమె కోసం పరిగెత్తానో, నా మొహం నాకు చెల్లడం కోసం పరిగెత్తానో చెప్పలేను.

వెళ్ళే రోజు పొద్దున వచ్చింది. బయట చినుకులు. పెట్టె గుమ్మంలోనే పెట్టి, లోపలికి వచ్చి, ఎప్పటిలాగే చేతులు కడుక్కుని నాన్నకు అన్నం పెట్టింది. ఆయన చివరి రెండు స్పూన్లు తప్ప అంతా తిన్నాడు. మూతి తుడిచి, కాళ్ళకు దణ్ణం పెట్టింది. "ఊరెళ్ళి మీ కాలనీ చూసి ఫోటోలు పంపిస్తా సారూ" అంది. నాన్న ఎడంచెయ్యి ఆమె తల మీద పెట్టి తీయలేదు. ఆమే నెమ్మదిగా దాన్ని పట్టుకుని దుప్పటి మీద పెట్టింది.

గుమ్మం దగ్గర నన్ను కావలించుకుంది. "అక్కా, మీరు రాసింది ఉందే, అది మా అమ్మకు పంపించా. నెట్ సెంటర్లో ప్రింటు తీయించి ప్లాస్టిక్ వేయించిందంట. నాన్న ఉత్తరం పక్కన తగిలించిందంట. ఎమ్మెల్యే సారు కూతురు కూడా నీకోసం రాసింది కదే అని ఒకటే సంబరం."

నేను ఏదో అన్నాను. జాగ్రత్త అన్నానో, చేరాక ఫోన్ చెయ్యమన్నానో గుర్తులేదు. టాక్సీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఇప్పటికీ వారానికోసారి మెసేజ్ పెడుతుంది, సారు తింటున్నారా అక్కా అని. తింటున్నారు అని జవాబిస్తాను.

ఆ పొద్దున లోపలికి వచ్చేసరికి నాన్న నా కోసమే చూస్తున్నాడు. మంచం పక్క ఆమె కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. గిన్నెలో ఆ మిగిలిన రెండు స్పూన్ల పెరుగన్నం ఉంది. ఆయన పెదాలు కదుపుతున్నాడు. మాట రావడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది.

"చుక్క... పెట్టావా?"

"పెట్టాను నాన్నా," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఇలాంటి జవాబు ఆయన కొన్ని వేలమందికి, అచ్చం ఇదే గొంతుతో చెప్పి ఉంటాడు. నేను స్పూను ఎత్తి నోటి దగ్గర పెట్టాను. ఆయన పళ్ళు బిగించి తల గోడ వైపు తిప్పుకున్నాడు.